రెండో కర్వే

మహారాష్ట్రలో చదువుకునే ఏ ఆడపిల్లకైనా కర్వే అన్న పేరు కొత్త కాదు. పూణెలో కర్వే రోడ్డు ఉంది, కర్వేనగర్ ఉంది. ముంబయిలో మహర్షి కర్వే రోడ్డు ఉంది. ఇవన్నీ ధోండో కేశవ్ కర్వే గారి పేరున వెలిసినవి. ఆయన 1896లో వితంతువుల కోసం ఆశ్రమం పెట్టారు. 1916లో ఆడవాళ్ళకు విశ్వవిద్యాలయం పెట్టారు. 1958లో, నూరేళ్ళ వయసులో, భారతరత్న అందుకున్నారు. మహిళా దినోత్సవం వస్తే చాలు, మన గోడపత్రికలో ఆయన గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు.

నేను రాయబోయేది ఆయన గురించి కాదు, ఆయన పెద్దకొడుకు రఘునాథ్ ధోండో కర్వే గురించి. మరాఠీవాళ్ళు ర. ధోం. కర్వే అంటారు. పిల్లల్ని ఎప్పుడు కనాలి, ఎంతమందిని కనాలి, ఎక్కడ చాలించాలి అన్నది భార్యాభర్తలు తమకు తాముగా తేల్చుకోవాలని, అందులో భార్య మాటకు విలువ ఉండాలని ఈ దేశంలో నూరేళ్ళ కింద బాహాటంగా చెప్పిన మనిషి ఆయన. సాధారణంగా మనం గోడమీద అంటించే సంగతి కాదిది. కానీ ఇంకో రెండు మూడేళ్ళలో మనలో చాలామందికి పెళ్ళవుతుంది. ఆ తర్వాత ఇంకో నాలుగైదేళ్ళకు ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న కోసమే ఈయన జీవితాన్ని చదివాను.

రఘునాథ్ 1882 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో, కొంకణ్ ప్రాంతంలోని మురుడ్‌లో పుట్టారు. తల్లి పేరు రాధాబాయి. ఆయనకు తొమ్మిదేళ్ళప్పుడు, 1891లో, ఆమె కాన్పులో చనిపోయింది. ఆ కాలంలో అట్లా పోయిన తల్లులకు లెక్కలేదు. మన ముత్తవ్వల కథలు విన్నా ప్రతి ఇంట్లో అట్లాంటి పేరు ఒకటి వినిపిస్తుంది. ఆమె చావు వల్లే ఆయన పెద్దయ్యాక ఈ పని పట్టుకున్నారని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. అయినా కాన్పు అంటే ఏమిటో తొమ్మిదేళ్ళకే తెలిసివచ్చిన పిల్లాడు అన్న సంగతిని పక్కన పెట్టి ఆయన జీవితాన్ని చదవడం నాకు చేతకాలేదు.

రెండేళ్ళకు, 1893లో, తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. ఈసారి ఒక బాల వితంతువును. పండిత రమాబాయి నడిపిన శారదా సదన్‌లో చదువుకున్న గోదూబాయి ఆమె. పెళ్ళయ్యాక ఆనందీబాయి అయింది. ఈ పెళ్ళికి సొంత ఊరు మురుడ్ ఆ కుటుంబాన్ని వెలివేసింది. పదకొండేళ్ళ రఘునాథ్ ఆ వెలిని కళ్ళారా చూశాడు. ఒక పని న్యాయమైనదైనా సరే, ఊరంతా ఎట్లా మొహం తిప్పుకుంటుందో చిన్నప్పుడే తెలిసింది. ఆ పాఠం ఆయనకు ముందుముందు చాలా అవసరపడింది.

చదువులో మాత్రం ఆయనకు తిరుగులేదు. పూణెలో న్యూ ఇంగ్లీష్ స్కూల్లో చదివి, 1899లో మెట్రిక్యులేషన్‌లో అందరికంటే ముందు నిలిచారు. ఫెర్గుసన్ కాలేజీలో 1904లో బి.ఏ. పూర్తి చేశారు. తండ్రి ఫెర్గుసన్‌లో లెక్కల ప్రొఫెసరు. కొడుకు కూడా ముంబయి విల్సన్ కాలేజీలో లెక్కల ప్రొఫెసరే అయ్యారు. మంచి ఉద్యోగం, మంచి ఇంటిపేరు. అక్కడితో ఊరుకుని ఉంటే ఆయనకూ ఒక వీధి పేరు దక్కేదేమో!

ఊరుకోలేదు. 1921లో ముంబయిలో సంతాన నియంత్రణ కేంద్రం తెరిచారు. మన దేశంలో అదే మొదటిది. లండన్‌లో మేరీ స్టోప్స్ తన కేంద్రం తెరిచింది కూడా అదే సంవత్సరం. అంటే ఈ విషయంలో ముంబయి లండన్‌కంటే వెనకబడిందేమీ లేదు. మన చరిత్ర పుస్తకాల్లో 1921 అంటే సహాయ నిరాకరణ ఉద్యమం ఉంటుంది గానీ, ఈ సంగతి కనబడదు.

ఆ కాలంలో చేతిలో ఉన్న సాధనాలు కొన్నే. మగవాళ్ళు వాడే రబ్బరు తొడుగులు, ఆడవాళ్ళు లోపల పెట్టుకునే రబ్బరు మూతలు, స్పాంజీలు, వీర్యకణాల్ని చంపే మందులు. మాత్రలు లేవు. కాపర్ టీ లేదు. 1923లో ఆయన సంతతి నియమన్ అన్న పుస్తకాన్ని మరాఠీలో రాశారు. సామాన్యుడికి అర్థమయ్యే భాషలో, ఏ సాధనం ఎట్లా పనిచేస్తుందో, ఎందుకు కావాలో చెప్పిన పుస్తకం అది. మరుసటేడు సుఖవ్యాధులు రాకుండా కాపాడుకోవడం గురించి ఇంకో పుస్తకం రాశారు.

ఆయన వాదంలో రెండు ముక్కలున్నాయి. జనాభా పెరిగితే దేశానికి కష్టం అన్నది మొదటిది. ఆ మాట అప్పట్లో ఇంకా కొందరు పెద్దమనుషులూ అనేవాళ్ళు. రెండోది మాత్రం ఎవ్వరూ నోరు తెరిచి అనని మాట. సంసార సుఖంలో మగవాడికి ఎంత హక్కు ఉందో ఆడదానికీ అంతే ఉందని, గర్భం వస్తుందన్న భయం ఆమె మెడమీద కత్తిలా వేలాడుతున్నంతకాలం ఆ హక్కు మాటలకే పరిమితమని ఆయన వాదించారు. మొదటి ముక్క విన్నవాళ్ళు తల ఊపారు. రెండో ముక్క విన్నవాళ్ళకు కోపం వచ్చింది. విల్సన్ కాలేజీని నడిపింది స్కాట్లాండ్ మిషనరీలు. ఈ పని మానుకోవాలి, లేదంటే ఉద్యోగం మానుకోవాలి అన్న పరిస్థితి వచ్చింది. 1925లో ఆయన ఉద్యోగమే మానుకున్నారు.

ఇక్కడ ఆయన భార్య మాలతీబాయి గురించి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఇద్దరూ ఆలోచించుకుని పిల్లలు వద్దనుకున్నారు. ఇది పిల్లలు కలగకపోవడం వేరు, వద్దనుకోవడం వేరు అన్న తేడా తెలియని కాలం. ఇప్పటికీ మన గల్లీల్లో పెళ్ళయి రెండేళ్ళు దాటితే కోడలు ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలో మనకు తెలుసు. మరి ఆ రోజుల్లో ఆమె ఎన్ని చూపులు భరించి ఉంటుందో! భర్తకు జీతం పోయింది, పరువు పోయిందన్నారు, కోర్టులు చుట్టుముట్టాయి. ఆమె మాత్రం ఆయన పక్కనే ఉంది. బయటికి ఆయన పేరే వినబడుతుంది గానీ, ఆ పని ఇద్దరిదీ.

1927 జూలైలో ఆయన సమాజ స్వాస్థ్య అన్న మాసపత్రిక మొదలుపెట్టారు. సంతాన నియంత్రణ, స్త్రీ పురుషుల శరీరాలు, సుఖవ్యాధులు, వివాహం, మూఢనమ్మకాలు, ఇవీ అందులో విషయాలు. పాఠకులు తమ అనుమానాలు ఉత్తరాల్లో రాసేవాళ్ళు. ఇంట్లో అడగలేనివి, డాక్టరు ముందు నోరు పెగలనివి అన్నీ అందులోకి వచ్చేవి. ఆయన వాటికి లెక్కల మాస్టారిలాగే జవాబిచ్చేవారు. తిట్టరు, సిగ్గుపడరు, నీతులు చెప్పరు. అడిగినదానికి తెలిసిన విజ్ఞానాన్ని బట్టి జవాబు, అంతే. చందాలు అంతంతమాత్రం. అయినా ఇరవై ఆరేళ్ళు ఆ పత్రికను నడిపారు.

ఊరుకుంటారా మరి? 1931లో వ్యభిచారం గురించి రాసిన వ్యాసం మీద అశ్లీలం అని కేసు పెట్టారు. నూరు రూపాయల జరిమానా పడింది. హైకోర్టుకు వెళ్ళినా ఓడిపోయారు. 1934లో మళ్ళీ కేసు. ఈసారి నేరం ఏంటంటే, పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాయడం. ఆ కేసులో ఆయన తరఫున నిలబడిన వకీలు డాక్టర్ భీమ్‌రావ్ అంబేద్కర్. శరీరానికి సంబంధించిన విషయం అయినంత మాత్రాన ఏ రాతా అశ్లీలం కాదని, జనం అడిగినప్పుడు తెలిసినవాడు చెప్పకపోతే వాళ్ళ అజ్ఞానం ఎట్లా పోతుందని అంబేద్కర్ వాదన సారాంశం. ఆ కేసూ ఓడిపోయారు. జరిమానా ఈసారి రెండు వందలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు, జీతం లేని మనిషికి అసలే కాదు. కట్టేసి మరుసటి నెల సంచిక పనిలో పడ్డారు.

అంబేద్కర్ కూడా ఆ కేసుతో ఈ విషయాన్ని వదిలేయలేదు. 1938లో బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణకు ప్రభుత్వం పూనుకోవాలన్న తీర్మానం ఆయన పక్షం నుంచే వచ్చింది. సభ దాన్ని ఒప్పుకోలేదు. అదే కాలంలో గాంధీగారు సాధనాలు వద్దు, నిగ్రహమే మార్గం అనేవారు. 1935 డిసెంబరులో అమెరికా నుంచి మార్గరెట్ సాంగర్ వార్ధా వచ్చి వాదించినా గాంధీగారు మాట మార్చుకోలేదు. కర్వే అయితే ఆ నిగ్రహం సలహాను గట్టిగా విమర్శించారు. నిగ్రహం నేర్పేది మగవాళ్ళకు, అది తప్పితే మోసేది ఆడవాళ్ళు. ఇది నా మాటే గానీ, ఆయన రాతల సారం నుంచి నేను పట్టుకున్నది.

ఆయన ఒంటరివాడేం కాదు, కాస్త ముందు నడిచినవాడు. 1930లోనే మైసూరు సంస్థానం ప్రభుత్వ ఆసుపత్రుల్లో సంతాన నియంత్రణ కేంద్రాలు పెట్టింది. పూణెలో వాళ్ళ బంధువుల అమ్మాయి శకుంతలా పరాంజపే కూడా 1930ల నుంచి ఇదే పనిలో తిరిగింది. తర్వాత రాజ్యసభ సభ్యురాలయింది. 1952లో భారత ప్రభుత్వమే కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. దేశవ్యాప్తంగా అట్లాంటి కార్యక్రమం పెట్టిన మొదటి దేశం మనదే. ఏ పని చేస్తే ఉద్యోగం పోయిందో అదే పనిని సర్కారు చేపట్టిన రోజును ఆయన చూశారు. మరుసటేడు, 1953 అక్టోబరు 14న, 71 ఏళ్ళ వయసులో చనిపోయారు. పత్రిక చివరి సంచిక నవంబరులో వచ్చింది. తండ్రి మాత్రం ఇంకా తొమ్మిదేళ్ళు బతికారు.

ఆయన కథ ఇక్కడ అయిపోతుంది. ఆయన అడిగిన ప్రశ్న అయిపోలేదు.

మన సోలాపూర్‌లో తెలుగువాళ్ళ గల్లీల్లో ఇద్దరు పిల్లలున్న ఇంటికి వెళ్ళండి. ఆపరేషన్ అయిందా అని అడిగేది ఆడవాళ్ళనే. మా మేనత్త బీడీలు చుట్టేది. రెండో కొడుకు పుట్టిన వెంటనే ఆమెకు ఆపరేషన్ చేయించారు. మామయ్య చేయించుకోవచ్చు కదా అన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, ఆమెకు కూడా. కొన్ని రోజులకే మళ్ళీ చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ వివాహితల్లో దాదాపు 38 శాతం మందికి ఆపరేషన్ అయింది. భర్త ఆపరేషన్ మీద ఆధారపడినవాళ్ళు 0.3 శాతం. మన పెద్దల స్వస్థలాలైన ఆంధ్రలో అయితే ఆడవాళ్ళ ఆపరేషన్లు 70 శాతం దాకా ఉన్నాయి, తెలంగాణలో 60 శాతం పైన. ఈ లెక్క కర్వే మాస్టారి ముందు పెడితే ఏమనేవారో!

ఎప్పుడూ ఇట్లాగే లేదు. ఒకప్పుడు మగవాళ్ళ ఆపరేషన్లే ఎక్కువ. 1976-77లో, అత్యవసర పరిస్థితి కాలంలో, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో నాలుగింట మూడు వంతులు మగవాళ్ళవి. చాలాచోట్ల బలవంతంగా పట్టుకుపోయి చేశారు. ఆ భయం మగవాళ్ళలో పాతుకుపోయింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ఆడవాళ్ళ వైపు తిరిగాయి. ఆడవాళ్ళు ఎదురుతిరగలేదు కాబట్టి లెక్కలు పెరిగాయి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో హడావుడిగా చేసిన ఆపరేషన్ల తర్వాత పదముగ్గురు ఆడవాళ్ళు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు అట్లాంటి శిబిరాలు మూడేళ్ళలో ఆపేయాలని చెప్పింది. కర్వే కోరింది దంపతుల ఇష్టం. బలవంతం చేసిన సర్కారు ఆయన చెప్పిన పనిని సగమే తీసుకుంది.

అందుకే పిల్లలు చాలు అనుకున్న దంపతుల ముందు ఏమేం దారులున్నాయో నేను తెలుసుకున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

మగవాళ్ళ ఆపరేషన్ పేరు వేసెక్టమీ. వీర్యకణాలు వచ్చే రెండు సన్నని నాళాల్ని మూసేస్తారు. ఇప్పుడు కోత కూడా లేదు, చిన్న రంధ్రం చాలు. ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల పని. అదే రోజు ఇంటికి రావచ్చు. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, వారం దాకా బరువులు ఎత్తకుండా ఉంటే చాలు. బలం తగ్గదు, మగతనం పోదు, మగ్గం మీద పని ఆగదు. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఆపరేషన్ అయిన వెంటనే అది పనిచేయదు. మూడు నెలల దాకా వేరే సాధనం వాడి, తర్వాత పరీక్ష చేయించుకుని నిర్ధారించుకోవాలి.

ఆడవాళ్ళది ట్యూబెక్టమీ. గర్భాశయానికి రెండు పక్కలున్న నాళాల్ని మూస్తారు. పొట్ట తెరవాలి, లేదా దుర్బిణీ గొట్టం లోపలికి పంపాలి. కాబట్టి మగవాళ్ళ ఆపరేషన్ కంటే పెద్దది, కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. రెండూ శాశ్వతమే. తిరిగి కలిపే ఆపరేషన్లు ఉన్నా అవి ఫలిస్తాయన్న నమ్మకం లేదు. చిన్న వయసులో తొందరపడి చేయించుకుని, తర్వాత బాధపడే ఇళ్ళు ఉన్నాయి. అందుకే నిర్ణయం స్థిరపడ్డాకే వెళ్ళాలి. కాన్పు నొప్పుల మధ్య సంతకం పెట్టించుకునే పని కాదిది.

చాలు అనిపించినా శాశ్వతంగా మూసేయడానికి మనసొప్పకపోతే మధ్య దారి ఉంది. ఇప్పుడు పెడుతున్న కాపర్ టీ పదేళ్ళ దాకా పనిచేస్తుంది, వద్దనుకున్న రోజు తీయించుకోవచ్చు. మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్, లక్నో పరిశోధనశాలలో మన శాస్త్రవేత్తలు తయారుచేసిన ఛాయ మాత్ర సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. ఛాయ మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికొకసారి వేసుకోవాలి. కండోమ్ ఒక్కటే సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడుతుంది. ఎవరి ఒంటికి ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ప్రభుత్వ నియమాల ప్రకారం ఆపరేషన్‌కు చేయించుకునేవాళ్ళ సంతకం చాలు, భర్త సంతకమో భార్య సంతకమో తప్పనిసరి కాదు. ఇద్దరూ కలిసి మాట్లాడుకుంటేనే మంచిది, అది ఇంటి సంగతి. చట్టం దగ్గర మాత్రం ఒళ్ళు ఎవరిదో నిర్ణయమూ వాళ్ళదే.

తండ్రి కర్వే మనకు బడి తలుపు తెరిచారు. ఆ తలుపులోంచి వచ్చినవాళ్ళమే మనమంతా. కొడుకు కర్వే తట్టింది పడకగది తలుపు. అది తెరిచే పని ఇంకా మన ఇళ్ళల్లోనే మిగిలింది. రేపు పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతం, ఇల్లు, మగ్గాల లెక్క పెద్దలు అడుగుతారు. పిల్లలు చాలనుకున్న నాడు ఆపరేషన్‌కు ఎవరు వెళ్తారన్నది వాళ్ళు అడగరు. పెళ్ళయ్యాక అది మనమే అడగాలి. అడిగినప్పుడు ఎదుటివాళ్ళ దగ్గర భయం ఉంటే, పైన రాసిన పావుగంట సంగతి చెప్పండి.